చెడు కబురు తెచ్చినవాడు మనవాడే

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "కంప్యూటర్ల గురించి ఏదైనా చెప్పండి సుబేదార్ సాబ్" అన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. 1988లో భర్తీ అయి, ఇదే జబల్‌పూర్‌లో సిగ్నల్స్ ట్రైనింగ్ చేసి, 28 ఏళ్ళ సర్వీసు తరువాత 2016లో పెన్షన్ వచ్చాను. పిల్లల చదువుల కోసం ఇక్కడే ఉండిపోయాను. ఇప్పుడు ఒక బడిలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. కాబట్టి నేను చెప్పబోయేది ఇంజనీరు మాట కాదు. ఒక జె.సి.ఓ. తాను చేసిన తప్పు వల్ల నేర్చుకున్న మాట. ముందు ఆ తప్పు చెప్పి, తరువాత కంప్యూటర్ల దగ్గరకు వస్తాను.

అది 2009. ఉత్తర సరిహద్దులో మంచు పడే చోట ఉన్నాం. నేను అప్పుడు నాయబ్ సుబేదార్ని, రేడియో సెట్లు నా చేతికింద. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడు ట్రైనింగ్ ముగించుకుని కొత్తగా వచ్చాడు. ఒకరోజు సాయంత్రం వచ్చి, "సాబ్, ఈ బ్యాటరీల మీద నాకు అనుమానంగా ఉంది. మీటరు పెడితే నిండుగా చూపిస్తోంది. మాట్లాడటానికి బటన్ నొక్కగానే పడిపోతోంది" అన్నాడు. నేను ఆ రోజు వేరే చిరాకులో ఉన్నాను. "నిన్నగాక మొన్న వచ్చి నాకు బ్యాటరీల సంగతి చెబుతావా? చార్జింగు సరిగ్గా పెట్టి ఉండవు, వెళ్ళి మళ్ళీ పెట్టు" అని కసిరాను. వాడు "సరే సాబ్" అని వెళ్ళిపోయాడు.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. పాతబడిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు మీటరు మీద నిండుగానే కనిపిస్తుంది. బరువు పడినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. చలిలో ఇంకా ఎక్కువ. ఇది నాకు తెలియనిది కాదు, నేనే క్లాసులో పిల్లలకు చెప్పిన పాఠం. మూడో రోజు పెట్రోల్ వెళ్ళింది. మధ్యలో సెట్ మూగబోయింది. ఒక జవాను కాలు మడతపడి నడవలేకపోయాడు. సహాయం అడగటానికి దారి లేదు. ఐదు గంటలు వాళ్ళు ఎక్కడున్నారో మాకు తెలియలేదు. అందరూ ప్రాణాలతో వచ్చారు గానీ, ఆ జవానుకు మంచు కొరికి రెండు వేళ్ళ కొసలు తీసేయాల్సి వచ్చింది.

ఎంక్వైరీలో లాగ్ బుక్ తెరిచారు. ఆ కుర్రాడు తేదీ, టైము, సెట్ నంబరు వేసి తాను చూసింది రెండు లైన్లలో రాసి పెట్టాడు. ఎవరికి చెప్పావని అడిగితే తల వంచుకుని నిలబడ్డాడు గానీ నా పేరు చెప్పలేదు. నేనే లేచి "నాకు చెప్పాడు సర్" అన్నాను. కమాండింగ్ ఆఫీసరు సాబ్ కోప్పడలేదు. "ఆ రిపోర్టు తెచ్చిన కుర్రాడికి మీరేం జవాబు చెప్పారు సాబ్?" అని ఒక్కటే అడిగారు. ఆ ప్రశ్న పదహారేళ్ళు దాటినా నాకు నిద్రలో వినిపిస్తుంది.

ఇక కంప్యూటర్లు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాము. అందులో కొన్నింటి లోపలి రాత కంపెనీ బీరువాలో ఉంటుంది. కొన్నింటి రాత అందరికీ తెరిచి పెట్టి ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఇటువంటిదే. దాని చుట్టూ మిగతా సామాను చేర్చి తయారుచేసిన పూర్తి సిస్టమ్‌లలో 1993లో పుట్టిన డెబియన్ ఒకటి. ఉబుంటు డెబియన్ మీద కట్టిందే. మన సి-డాక్ వారి బాస్ కూడా డెబియన్ మీద కట్టిందే. రక్షణ మంత్రిత్వ శాఖ కంప్యూటర్ల కోసం ఉబుంటు ఆధారంగా మాయా అనే సిస్టమ్ తయారుచేసినట్టు 2023 ఆగస్టులో పత్రికల్లో చదివాం. అంటే ఎక్కడో ఒక స్వచ్ఛంద కార్యకర్త చేసిన తప్పు మన ఇంటి దాకా వస్తుంది. అతను సరిదిద్దుకున్న తీరు కూడా మన దాకా వస్తుంది.

ఇటువంటి సిస్టమ్‌లో తప్పు దొరికితే దాన్ని బగ్ అంటారు. మన తెలుగువాళ్ళకు ఒక బగ్ బాగా గుర్తుండాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లో మన "జ్ఞా" అక్షరం వస్తే మెసేజి తెరిచిన ప్రోగ్రాము కూలిపోయేది. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే సరిచేసింది. అక్కడ మనం చేయగలిగింది కంపెనీకి చెప్పి ఎదురుచూడటమే. ఓపెన్ సోర్స్‌లో అలా కాదు. చూసినవాడు చెప్పవచ్చు, చెప్పినవాడే వెతకవచ్చు, వెతికినవాడే బాగుచేయవచ్చు. అయితే ఇదంతా ఒక్కచోట ఆగిపోతుంది. రిపోర్టు అందుకున్నవాడు ఏం జవాబు చెప్పాడన్న చోట. నా కథ కూడా అక్కడే కదా ఆగింది.

మూడు నిజంగా జరిగిన సంగతులు చెబుతాను.

మొదటిది డెబియన్‌ది. రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సామాను ఒకటుంది. తప్పులు పట్టే పరికరం ఒకటి దానిలో ఒక లైను మీద హెచ్చరిక ఇస్తోందని 2006లో ఫిర్యాదు వచ్చింది. డెబియన్‌లో ఆ సామాను చూసుకునే బాధ్యుడు, అసలు తయారుచేసినవాళ్ళను ఒక మాట అడిగాడు, ఫరవాలేదన్నట్టు జవాబు వచ్చిందనుకున్నాడు, ఆ లైను తీసేశాడు. హెచ్చరిక ఆగిపోయింది. కానీ తాళాలకు ఊహకందని అంకెలు పోసేది ఆ లైనే. అది పోయాక ఒక్కో రకం తాళానికి సుమారు 32 వేల రకాలే మిగిలాయి. దొంగ ఆ 32 వేల తాళంచెవులూ ముందే చేసి పెట్టుకోవచ్చు. దాదాపు రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. 2008లో లూసియానో బెల్లో అనే డెబియన్ కార్యకర్త పట్టుకున్నాడు.

ఇక్కడ రెండు పాఠాలున్నాయి. ఆ పెద్ద తప్పు పుట్టింది ఒక చిన్న ఫిర్యాదుకు చెప్పిన తొందర జవాబులోంచి. ఫిర్యాదు నోరు మూయించడం వేరు, లోపం సరిదిద్దడం వేరు. మీటరు నిండుగా చూపిస్తోంది కదా అని నేను అనుకున్నట్టే, హెచ్చరిక ఆగింది కదా అని వాళ్ళూ అనుకున్నారు. రెండో పాఠం తరువాత జరిగినది. 2008 మే 13న డెబియన్ ఆ సంగతిని లోకానికంతటికీ తానే ప్రకటించింది. సరిచేసిన సామాను ఇచ్చింది. మీ తాళం బలహీనమైనదో కాదో చూసుకునే పనిముట్టు ఇచ్చింది. బలహీనమైన తాళాల జాబితా వేసి, వాటితో వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వకుండా కట్టుదిట్టం చేసింది. సమస్యలను దాచిపెట్టం అని డెబియన్ వారు 1997లోనే తమ ఒప్పందంలో రాసుకున్నారు. పరువు పోయే రోజున ఆ మాట నిలబెట్టుకున్నారు. సంతోషంగా ఉన్న రోజున ఎవడైనా నిలబెట్టుకుంటాడు.

రెండోది అదే 2008లో, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. లినక్స్ 2.6.27 ఇంకా పరీక్షలో ఉంది. దాన్ని వాడి చూస్తున్న కొందరికి ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు పనికిరాకుండా పోయాయి. ప్రోగ్రాము చెడిపోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. ఇక్కడ కార్డు లోపల శాశ్వతంగా రాసి ఉండే సమాచారమే చెరిగిపోతోంది. అంటే వస్తువే పోతోంది. ఈ-1000-ఈ అనేది ఆ కార్డును నడిపే డ్రైవరు. అందరి వేలూ దానివైపే చూపింది. చూపడం సహజం కూడా.

వాళ్ళు మొదట ఏం చేశారో చూడండి. దోషి ఎవరో తేలేదాకా ఆగలేదు. ఆ సిస్టమ్‌ను పంచేవాళ్ళు కొందరు ఆ డ్రైవరును ఆపేసి, పరీక్ష చేసేవాళ్ళను హెచ్చరించారు. ఇంటెల్ ఇంజనీర్లు కార్డు లోపలి ఆ భాగం మీద ఎవరూ రాయకుండా అడ్డు కట్టారు. మనవాళ్ళు గాయపడినవాడికి ముందు రక్తం కట్టడానికి పట్టీ వేసి, తూటా ఎటునుంచి వచ్చిందో తరువాత చూస్తారు కదా, అలాగ. ఆపైన వెతికితే తప్పు డ్రైవరుది కానే కాదు. కెర్నెల్ లోపలి నడకను గమనించడానికి పెట్టిన ఎఫ్-ట్రేస్ అనే వేరే ఏర్పాటుది. అది ఒకప్పుడు ప్రోగ్రాము ఉండి ఖాళీ అయిన చోటును గుర్తుపెట్టుకుని, అదే చిరునామాలో ఇప్పుడు కార్డు వచ్చి కూర్చుందని తెలియక అక్కడ రాసేది. అద్దెకున్నవాడు ఖాళీ చేసిపోయిన ఇంటికి పాత ఉత్తరం పోయినట్టు. ఎఫ్-ట్రేస్ రాసిన స్టీవెన్ రాస్టెడ్ నాది కాదని తప్పించుకోలేదు. కారణం వివరించాడు. 2.6.27 వచ్చిన కొద్ది రోజులకే ఆ ఏర్పాటును ఆపుచేసిన 2.6.27.1 వచ్చింది. సరిచేశాక మళ్ళీ తెచ్చారు. ముందే డ్రైవరు రాసినవాళ్ళను తిట్టి కూర్చుని ఉంటే అసలు దొంగ దొరికేవాడా?

తిట్టు మాట వచ్చింది కాబట్టి మన జె.సి.ఓ.లకు దగ్గర సంగతి ఒకటి. లైనస్ టోర్వాల్డ్స్‌ది ఒక గట్టి నియమం. కెర్నెల్‌లో మార్పు వల్ల నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము ఇవాళ ఆగితే, తప్పు కెర్నెల్‌దే. వాడుకునేవాడి మీద నెట్టకూడదు. చాలా మంచి నియమం. కానీ ఆ నియమం తప్పినవాళ్ళను ఆయన నలుగురిలో నానా మాటలూ అనేవాడు. 2018 సెప్టెంబరులో తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పి, కొన్నాళ్ళు పని పక్కనపెట్టాడు. నియమం మాత్రం సడలించలేదు. అంతటివాడికి అర్థం కావడానికి అన్నేళ్ళు పట్టింది. నియమం గట్టిగా ఉండాలి, నోరు గట్టిగా ఉండనక్కరలేదు. పెరేడ్ గ్రౌండులో అరిచే గొంతు వేరు, రిపోర్టు వినే చెవి వేరు.

మూడో సంగతికి ముందు నా సొంత అనుభవం చెప్పాలి. ఎందుకంటే చెప్పేవాడికీ ఒక పద్ధతి ఉంది.

మా బడి ల్యాబులో పాత కంప్యూటర్లు ఇరవై. అన్నింటిలోనూ ఓపెన్ సోర్స్ సిస్టమే. ఒకసారి అప్‌డేట్ చేశాక ఒకే మోడల్‌వి ఆరు కంప్యూటర్లు నెట్‌వర్క్ పట్టడం మానేశాయి. పిల్లలకు పరీక్ష వారం రోజుల్లో ఉంది. నాకు ఒళ్ళు మండి, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రిపోర్టు రాయించాను. "మీ కొత్తది ఏమీ పనిచేయడం లేదు, చూసుకోకుండా ఎలా వదిలారు?" ఇదీ నా రిపోర్టు. మా అమ్మాయి "నాన్నా, ఇందులో వాళ్ళకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు" అంది. అయినా పంపించమన్నాను.

మర్నాడు జవాబు వచ్చింది. నేను మనిషినైతే కసిరేవాణ్ణే. ఆయన కసరలేదు. ఇబ్బంది పడ్డందుకు విచారిస్తున్నామని ఒక లైను. పాత వెర్షన్‌తో కంప్యూటరు తెరిస్తే పనిచేస్తుంది, పరీక్షలు అయ్యేదాకా అలా నడుపుకోండి అని ఒక లైను. తరువాత నాలుగు ప్రశ్నలు: కంప్యూటరు మోడల్ ఏది, చివరిసారి బాగా పనిచేసిన వెర్షన్ ఏది, మొదట చెడింది ఏది, చెడినప్పుడు సిస్టమ్ రాసుకున్న లాగ్ పంపగలరా. నేను సిగ్గుపడ్డాను. ఏం, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. జీవితమంతా కుర్రాళ్ళకు నేర్పిన సిట్‌రెప్ ఇదే కదా. శ్రీకాకుళం కుర్రాడు రెండు లైన్లలో రాసింది ఇదే కదా.

ఆ రెండు వెర్షన్ల మధ్య ఉన్నవి నూటపాతిక దాకా మార్పులు. ఏది దోషి? ఆయన సరిగ్గా మధ్యలో ఉన్న మార్పు దాకా కట్టి పంపాడు. పనిచేస్తే దోషి తరువాతి సగంలో, చేయకపోతే ముందు సగంలో. మళ్ళీ ఆ సగంలో సగం. ఏడుసార్లు చూస్తే ఒక్కటి మిగిలింది. ఇది చదివి నేను పెద్దగా నవ్వాను. ఫీల్డ్ టెలిఫోన్ లైను తెగితే మన లైన్‌మన్ చేసే పని ఇదే. మొదటినుంచి చివరిదాకా తడుముకుంటూ పోడు. మధ్యకు వెళ్ళి ఎటు మాట వస్తోందో చూస్తాడు. మాట రానివైపు సగం. అలా సగం సగం తగ్గించుకుంటూ తెగినచోటికి వెళ్తాడు. వెయ్యి మార్పులున్నా పది పరీక్షలు చాలు. ఇంటర్మీడియట్ లెక్కలు అక్కరకొచ్చాయి.

పదిహేను రోజుల్లో బాగయింది. ఆ మార్పు పక్కన, ఈ లోపం చెప్పినవారు ఫలానా అని నా పేరు వేశారు. లినక్స్ కెర్నెల్‌లో అది ఆచారం. తప్పు చెప్పినవాడి పేరు, పరీక్షించి చూసినవాడి పేరు, బాగుచేసినవాడి పేరు పక్కపక్కనే రాస్తారు. నాకు మెడల్స్ ఉన్నాయి. కానీ ఆ లైను చూసినప్పుడు నాకు 2009 గుర్తొచ్చింది. ఆ కుర్రాడి పేరు నేను ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు మూడో సంగతి, 2024 మార్చిది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ పరీక్షా వెర్షన్ మీద తన పని తాను చేసుకుంటున్నాడు. దూరపు కంప్యూటరులోకి వెళ్ళే ఎస్.ఎస్.హెచ్. అనే ద్వారం తెరుచుకోవడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోంది. అర సెకను! మనమైతే టీ తాగి వద్దాం అనుకుంటాం. అతను పోనీలే అనుకోలేదు. వెతికితే, ఎక్స్-జెడ్ అనే చిన్న సామానులో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఎవరో దొడ్డిదారి పెట్టారని తేలింది. ముందు డెబియన్ భద్రతా బృందానికీ, ఇతర సిస్టమ్‌ల వాళ్ళకూ గుట్టుగా చెప్పాడు. మార్చి 29న బహిరంగంగా చెప్పాడు. డెబియన్, ఫెడోరా తదితరులు "రుజువు తే" అని కూర్చోకుండా పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళారు. ఆ సామాను ఇంకా పరీక్షా వెర్షన్లలోనే ఎక్కువగా ఉంది కాబట్టి, లోకంలోని లక్షల సర్వర్లకు చేరేలోపలే ఆగింది.

ఆ దొడ్డిదారి ఎలా వచ్చిందో కూడా వినండి. ఎక్స్-జెడ్‌ను ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కడే, జీతం లేకుండా చూసుకున్నాడు. మనసు బాగాలేదని, ఇది తీరిక వేళల్లో చేసే పని అని అతను చెప్పుకున్నాడు కూడా. కొన్ని అపరిచితుల పేర్లు అతని మీద పడ్డాయి. ఆలస్యం చేస్తున్నావు, చేతకాకపోతే వేరేవాళ్ళకు ఇచ్చెయ్ అని. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు మంచిగా, ఓపిగ్గా సాయం చేస్తూ రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి ఆ పని చేశారు. అంటే ఫిర్యాదు అందుకునేవాణ్ణి ఒంటరిగా వదిలేసి మాటలతో పొడిస్తే, ఆ కంతలోంచే శత్రువు వస్తాడు. ఒక్క సంత్రీని రాత్రంతా పోస్టులో నిలబెట్టి, రిలీఫ్ పంపకుండా, నిద్రపోయాడని ఛార్జిషీటు ఇవ్వడం న్యాయమా?

కాబట్టి సోదరులారా, నేను నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాను. రిపోర్టు రాగానే "అందింది" అని చెప్పండి. అది నిజమో కాదో తేలకముందే మనిషిని తప్పుపట్టకండి. ముందు నష్టం ఆపండి, తరువాత కారణం వెతకండి. కారణం మీ వస్తువులోనే ఉంటే మీరే చెప్పండి. భద్రతకు సంబంధించినదైతే సరిచేసేవాళ్ళకు ముందు గుట్టుగా చెప్పి కొద్దిరోజులు ఆగండి, కానీ ఆ పేరుతో ఏళ్ళ తరబడి దాచకండి. బాగయ్యాక చెప్పినవాడి పేరు రాయండి. చెప్పేవాడికి కూడా ఒక మాట: కోపం ఇంట్లో వదిలి, తేదీ, టైము, చూసింది రాయండి. మీరు రాసేది ఒక మనిషి చదువుతాడు, అతనికీ ఇల్లుంది.

ఇవాళ మన పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఈ పనులే చేస్తున్నారు. వాళ్ళ చేతికింద కూడా నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాళ్ళుంటారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ మాట వాళ్ళ చెవిన వేయండి.

చివరిగా ఒక్క మాట. పోయినేడు ఆ శ్రీకాకుళం కుర్రాడికి ఫోన్ చేశాను. కుర్రాడేమిటి, ఇప్పుడు హవల్దారు. "ఆ రోజు నువ్వు చెప్పింది కరెక్టు, నేను కసిరింది తప్పు. నీ ముందు ఎప్పుడూ అనలేదు, ఇప్పుడంటున్నాను" అన్నాను. కాసేపు మాట లేదు. తరువాత "సాబ్, నా సెక్షన్‌లో ఇప్పుడు ఎవడు ఏ అనుమానం చెప్పినా ముందు సెట్ తెచ్చి బటన్ నొక్కి చూస్తాను" అన్నాడు.

నాకంటే వాడు ముందే నేర్చుకున్నాడు. సెలవు. జై హింద్.